ఉనద్కత్ కెరీర్: 4 టెస్టుల లెక్కా, రంజీ లెక్కా?

#1 లెగ్‌కట్టర్

నిన్న రాత్రి మా తమ్ముడితో పెద్ద వాదన. వాడికి ఐపీఎల్ తప్ప వేరే క్రికెట్ పట్టదు, ఆ సంగతి వాడే ఒప్పుకుంటాడు. మాటల్లో సౌరాష్ట్ర ఎడమచేతి పేసర్ జైదేవ్ ఉనద్కత్ పేరొచ్చింది. "4 టెస్టులు, 3 వికెట్లు. దానికి నువ్వింత ఇదైపోతున్నావేంటి?" అన్నాడు. అంకెలు తప్పు కాదు. అందుకే వెంటనే నోరు పెగల్లేదు. నిద్ర పట్టక ఇక్కడికొచ్చా.

2010 జూన్‌లో ఇంగ్లండ్‌లోని లీస్టర్‌లో ఇండియా-ఎ తరఫున వెస్టిండీస్-ఎ మీద అతని మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్. 103 పరుగులిచ్చి 13 వికెట్లు తీశాడు. అప్పటికి 18 ఏళ్లు. అదే ఏడాది డిసెంబరులో జహీర్ ఖాన్‌కి గాయమైతే సెంచూరియన్‌లో ఏకంగా టెస్టు ఆడించారు. సౌతాఫ్రికా 4 వికెట్లకు 620 కొట్టి డిక్లేర్ చేసింది. కలిస్ డబుల్ సెంచరీ, ఆమ్లా, డివిలియర్స్ చెరో సెంచరీ. ఈ కుర్రాడు 26 ఓవర్లు వేసి 101 ఇచ్చాడు. వికెట్ లేదు. తర్వాతి టెస్టుకి జహీర్ తిరిగొచ్చాడు, ఇతను పక్కకి వెళ్లాడు.

రెండో టెస్టు 2022 డిసెంబరులో, బంగ్లాదేశ్‌లోని మీర్పూర్‌లో. మధ్యలో ఇండియా 118 టెస్టులు ఆడేసింది. సెంచూరియన్‌లో అతని పక్కన ఆడిన ద్రవిడ్ మీర్పూర్‌కి కోచ్‌గా వెళ్లాడు. సెంచూరియన్ నాటికి కోహ్లీ ఇంకా టెస్టుల్లోకే రాలేదు.

ఈ 12 ఏళ్లలో అతను చేసిన పని పేరు రంజీ ట్రోఫీ, మన రాష్ట్ర జట్ల మధ్య జరిగే టోర్నీ. నా ప్రశ్న ఒకటే. ఫాస్ట్ బౌలర్ జీవితాన్ని టెస్టు క్యాప్‌తోనే కొలవాలా? మరో కొలత ఉందా? సానుభూతి మాటలు వద్దు, క్రికెట్ మాట్లాడండి.

#2 సిల్లీపాయింట్

మీ తమ్ముడు ఎస్‌ఆర్‌హెచ్ అభిమానా? అయితే కోపం ఎక్కడిదో నాకు తెలుసు. 2017లో ఉప్పల్‌లో పుణె మీద మ్యాచ్. ఆఖరి ఓవర్లో మనకి 13 కావాలి. ఉనద్కత్ హ్యాట్రిక్ తీసి, ఆ ఓవర్ మెయిడిన్ వేశాడు. ఆఖరి ఓవర్ మెయిడిన్! ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నా. ఇంటికెళ్లే దారంతా నాతో ఎవరూ మాట్లాడలేదు.

#3 నైట్‌వాచ్‌మన్

అందరూ భజన మొదలెట్టేలోపు ఇంకో వైపు కూడా వినండి. సెలెక్టర్ల తప్పేముంది? ఆ 12 ఏళ్లలో పోటీ ఎవరితో? మొదట జహీర్. తర్వాత ఇషాంత్, ఉమేశ్, షమి, భువనేశ్వర్, బుమ్రా, చివర్లో సిరాజ్. వీళ్లలో ఎవరిని తీసేసి ఉనద్కత్‌ని పెడతారు? 130 దగ్గర తిరిగే లెఫ్టార్మర్ రంజీలో బ్యాటర్లని తికమక పెడతాడు. టెస్టులో కొత్త బంతి మెరుపు పోయాక అదే స్పీడుతో ఏం చేస్తాడు? 2023లో వెస్టిండీస్‌లో రెండు టెస్టులు ఆడించారు కదా, ఒక్క వికెట్ రాలేదు.

రంజీలో కుప్పలు కుప్పలుగా వికెట్లు తీసి పైకెళ్లాక తేలిపోయినవాళ్లు బోలెడుమంది. రంజీ రంజీయే, టెస్టు టెస్టే. మీ తమ్ముడి మాట కటువుగా ఉంది గానీ అబద్ధం కాదు.

#4 స్కోర్‌బుక్

నైట్‌వాచ్‌మన్ గారూ, వాదన సరే. "కుప్పలు కుప్పలు" అని కొట్టిపారేసే ముందు ఒక్క సీజన్ చూద్దాం. 2019-20లో ఉనద్కత్ 67 వికెట్లు తీశాడు, సగటు 13.23. రంజీ ఒక సీజన్లో ఏ ఫాస్ట్ బౌలరూ అన్ని తీయలేదు. అంతకుముందు రికార్డు కర్ణాటక దొడ్డ గణేశ్‌ది, 1998-99లో 62. అంటే ఇరవై ఏళ్లు ఎవరూ దాని జోలికెళ్లలేదు.

స్పిన్నర్లని కూడా కలిపితే రికార్డు 68. ముందటి సీజన్లో బిహార్ లెఫ్టార్మ్ స్పిన్నర్ అశుతోష్ అమన్ తీశాడు. అది బిషన్ సింగ్ బేడీ 1974-75లో పెట్టిన 64ని దాటిన లెక్క. కాబట్టి ఉనద్కత్‌కి ఇంకొక్క వికెట్ పడి ఉంటే సమానం అయ్యేది.

ఇంకోటి. రాజ్‌కోట్ పిచ్ అంటే బ్యాటర్ల పుట్టినిల్లని పేరు. ఆ సీజన్ సెమీఫైనల్ కూడా అక్కడే. గుజరాత్‌కి లక్ష్యం 327. చివరి రోజు 234కి ఆలౌట్. ఉనద్కత్ 56 పరుగులిచ్చి 7 తీశాడు, మ్యాచ్‌లో మొత్తం 10. అయిదో రోజు పిచ్ మీద ఏడు వికెట్లంటే మామూలుగా స్పిన్నర్ పేరు వెతుక్కుంటాం. ఆయన కెప్టెన్ కూడా. బంతి ఎవరికివ్వాలా అని ఆలోచించి ఆలోచించి మళ్లీ తనే తీసుకునేవాడు.

#5 పదకొండోనంబర్

చాలా రోజులుగా చదువుతున్నా గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. నేను రంజీ ఆడలేదు. జిల్లా జట్టుకి మూడేళ్లు కొత్త బంతి వేశాను. రాష్ట్ర ప్రాబబుల్స్ దాకా వెళ్లి వెన్ను విరిగి ఆగిపోయాను. విరిగిందని మాట వరసకి కాదు, నిజంగానే.

అంకెల్లో కనబడనిది ఒకటి చెప్తా. రోజుకి 20 ఓవర్లంటే 120 బంతులు. రనప్ 20 మీటర్లనుకోండి. ఒక్క రోజులో దాదాపు రెండున్నర కిలోమీటర్లు పరుగు, మళ్లీ అంతే దూరం వెనక్కి నడక. మధ్యలో ఫైన్ లెగ్‌లో ఫీల్డింగ్. మర్నాడు పొద్దున లేచి మంచం మీంచి కాళ్లు కింద పెట్టేటప్పుడు తెలుస్తుంది. ముందు మడమ, తర్వాత మోకాలు, తర్వాత నడుం, ఒక్కొక్కటే హాజరు పలుకుతుంది. అది రెండో రోజు సంగతి. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌కి నాలుగు రోజులు, నాకౌట్ అయితే అయిదు.

ఓసారి విజయనగరంలో రంజీ మ్యాచ్ చూడ్డానికి వెళ్లాను. గ్యాలరీలో మేం పదిహేను మందిమి ఉంటామేమో. జనం లేరు కాబట్టి బంతి పిచ్ మీద పడ్డ చప్పుడు, కీపర్ గ్లవ్స్‌లో పడ్డ చప్పుడు వేరువేరుగా వినిపించాయి. టీ టైమ్‌లో ఒక పేసర్ బౌండరీ దగ్గర కూర్చుని బూటు విప్పాడు. బొటనవేలి దగ్గర బూటుకి గుండ్రంగా కన్నం కోసి ఉంది. సాక్స్ తీస్తే గోరు నల్లగా కమిలిపోయి ఉంది. దాని మీద టేపు చుట్టుకున్నాడు, సాక్స్ వేసుకున్నాడు, బూటు వేసుకున్నాడు, రెండుసార్లు నేలకేసి తొక్కి చూసుకున్నాడు, వెళ్లిపోయి ఇంకో ఎనిమిది ఓవర్లు వేశాడు. వికెట్ పడలేదు. మర్నాడు పేపర్లో అతని పేరు లేదు.

ఉనద్కత్ 12 ఏళ్లు చేసింది అదీ. లెగ్‌కట్టర్ గారి తమ్ముడికి ఆ బూటు చూపించాలి.

#6 వెన్నుపూస

పదకొండోనంబర్ గారు వెన్ను మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. నేను ఫిజియోథెరపిస్టుని, యువ పేసర్లే ఎక్కువగా వస్తారు.

బంతి వదిలే ముందు, ముందుకాలు నేలని తాకే క్షణంలో, శరీర బరువుకి ఎన్నో రెట్ల తాకిడి పడుతుంది. కొందరిలో ఏడెనిమిది రెట్ల దాకా. అదే క్షణంలో నడుం వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, తిరుగుతూ ఉంటుంది. మూడూ ఒకేసారి. ఆ భారమంతా నడుం కింది భాగంలో, నాలుగు, అయిదో పూసల దగ్గర పడుతుంది. ఒక్క దెబ్బకి విరగదు. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఏమవుతుందో అదే. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. కుడిచేతి బౌలర్‌కి సాధారణంగా ఎడమవైపు వస్తుంది.

20 ఏళ్ల చుట్టుపక్కల వాళ్లకి ప్రమాదం ఎక్కువ. ఆ పూసల ఎముక పూర్తిగా గట్టిపడేసరికి ఇరవైల మధ్యకి వచ్చేస్తారు. కానీ సెలెక్షన్ జరిగేది 17, 18, 19 ఏళ్లప్పుడు! ఎముక లేతగా ఉన్నప్పుడే కుర్రాడు అందరికన్నా ఎక్కువ ఓవర్లు వేయాలి, అప్పుడే పేరొస్తుంది. ఈ ముడి ఎవరూ విప్పలేకపోతున్నారు.

నొప్పి ఉన్నా ఎక్స్‌రేలో ఏమీ కనబడదు చాలాసార్లు. "కండరం పట్టేసింది, నాలుగు రోజులు ఆగు" అంటారు. ఎంఆర్‌ఐ తీసేసరికి రెండు నెలలు గడిచిపోతాయి. ఆ రెండు నెలలూ వాడు బౌలింగ్ చేస్తూనే ఉంటాడు.

రెండో ప్రమాదం, ఓవర్లు ఒక్కసారిగా పెరగడం. టీ20ల్లో రోజుకి నాలుగు ఓవర్లు వేస్తున్న శరీరాన్ని తెచ్చి రంజీలో 25 వేయిస్తే అది తట్టుకోదు. రోజూ 15 వేసేవాడికన్నా, నెలపాటు 4 వేసి హఠాత్తుగా 25 వేసేవాడే ముందు పడిపోతాడు. దానికి తోడు రంజీలో మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య మూడ్రోజులే దొరికితే, అందులో ఒకరోజు ప్రయాణానికే పోతుంది. 2024లో శార్దూల్ ఠాకూర్ బయటికి చెప్పింది ఇదే.

#7 పదకొండోనంబర్

> "కండరం పట్టేసింది, నాలుగు రోజులు ఆగు" అంటారు.

మేడమ్, సరిగ్గా ఇదే మాట! నాకు చెప్పింది ఒక డాక్టరు, పేరెందుకు లెండి. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే ఎడమ నడుంలో సూది గుచ్చినట్టు ఉండేది. ప్రాబబుల్స్ క్యాంపు పదకొండు రోజుల్లో ఉంది. నొప్పి తగ్గే మాత్ర వేసుకుని వెళ్లాను. మూడో రోజు నెట్స్‌లో, బంతి చేతిలోనే ఉంది, కాలు దిగింది, నేను కూర్చుండిపోయాను. లేవలేకపోయాను. తర్వాత ఆరు నెలలు. తిరిగొచ్చేసరికి నా రనప్ నాకే గుర్తులేదు.

ఎవర్నీ తిట్టాలని కాదు. డెన్నిస్ లిల్లీకి కూడా 1973లో ఇదే జరిగింది. ఆయన యాక్షన్ మార్చుకుని తిరిగొచ్చాడు. నేను లిల్లీని కాను.

#8 సిల్లీపాయింట్

వాతావరణం మరీ బరువెక్కింది. కాస్త మన హైదరాబాద్ గురించి మాట్లాడుకుందాం. 2010 నవంబర్, జైపూర్. రాజస్థాన్ తరఫున దీపక్ చహర్ అనే కుర్రాడు మొదటి రంజీ మ్యాచ్ ఆడుతున్నాడు. 10 పరుగులిచ్చి 8 వికెట్లు. మనం 21 ఆలౌట్. రంజీ చరిత్రలో అంతకన్నా తక్కువ ఎవరూ చేయలేదు. వద్దులెండి, మళ్లీ బరువెక్కింది.

#9 స్కోర్‌బుక్

సిల్లీపాయింట్, నువ్వు నవ్వుకుంటూ అసలు విషయం మీదే వేలు పెట్టావు. ఆ చహర్ ఆడిన టెస్టులు సున్నా. 8/10తో మొదలైన మనిషి గాయాల మధ్య ఏళ్లు లాగి, చివరికి తెల్లబంతి బౌలర్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఎర్రబంతితో మొదటి రోజు వచ్చిన పేరుకీ ఆ తర్వాత జరిగినదానికీ పొంతన ఉండదు. విదర్భ రజనీశ్ గుర్బానీని చూడండి. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు. 2017-18 సెమీస్‌లో కర్ణాటక మీద రెండో ఇన్నింగ్స్‌లో 7 తీసి జట్టుని 5 పరుగులతో గెలిపించాడు. ఫైనల్లో ఢిల్లీ మీద హ్యాట్రిక్. రంజీ ఫైనల్లో హ్యాట్రిక్ అంటే అంతకుముందు 1972-73లో కల్యాణసుందరం ఒక్కడిదే. విదర్భకి మొదటి టైటిల్. గుర్బానీకి ఇండియా పిలుపు రాలేదు.

#10 తొలిపరుగు

కొత్త సభ్యుడిని, చిన్న సందేహం. రంజీలో వికెట్ తీయడం అంత కష్టమా? టీవీలో చూస్తే బ్యాటర్లు మామూలుగానే ఉంటారు కదా. ఫస్ట్ క్లాస్ అంటే కచ్చితంగా ఏంటో కూడా ఎవరైనా చెబుతారా?

#11 కొత్తబంతి

స్వాగతం. మూడు రోజులు, అంతకన్నా ఎక్కువ ఆడే రెండిన్నింగ్స్ మ్యాచ్‌లకి ఫస్ట్ క్లాస్ హోదా ఉంటుంది. టెస్టులూ అందులోనివే. రంజీ, దులీప్, ఇరానీ, ఇంగ్లండ్ కౌంటీ, ఆస్ట్రేలియా షెఫీల్డ్ షీల్డ్ అన్నీ.

ఇక కష్టం సంగతి. టీ20లో బ్యాటర్ నీ దగ్గరికి వస్తాడు. కొట్టాలి కాబట్టి తప్పు చేస్తాడు. రంజీలో వాడికి అవసరం లేదు. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం వస్తే 3 పాయింట్లు, వెనకబడితే 1. పూర్తిగా గెలిస్తే 6. కాబట్టి చాలా జట్లు ముందు ఆ 3 పాయింట్ల కోసమే ఆడతాయి. రెండు రోజులు పాతుకుపోయి 500 కొడితే సగం పని అయినట్టే. నీ బంతిని వదిలేయడమే వాడి పని. వదిలేసే వాడిని ఆడేలా చేయాలి.

అందుకే ఇన్నింగ్స్ మూడు ముక్కలు. మొదటి 15, 20 ఓవర్లు ఎస్‌జీ బంతి సీమ్ ఉబ్బి ఉంటుంది, మెరుపు ఉంటుంది. ఉత్తరాదిన చలికాలం పొద్దున అయితే పిచ్‌లో తడి కూడా ఉంటుంది. ఇక్కడ రెండు మూడు తీయాలి. 25 నుంచి 60 వరకు నరకం. బంతి మెత్తబడింది, స్వింగ్ లేదు, సీమ్ లేదు, ఎండ. ఇక్కడ మంచి పేసర్ పరుగులాపి ఒక చివర కట్టేస్తాడు. ఆ మెయిడిన్లకి హైలైట్స్‌లో చోటుండదు. 60 దాటాక బంతి ఒకవైపు గరుకెక్కి, రెండోవైపు మెరుపు నిలబెట్టగలిగితే రివర్స్ స్వింగ్. 2020 నుంచి ఉమ్మి వాడకూడదు, చెమటతోనే సరిపెట్టుకోవాలి, కాబట్టి అదీ ఇంకాస్త కష్టం. 80 అయ్యాక మళ్లీ కొత్త బంతి. ఈలోపు నీ కాళ్లలో ఏమన్నా మిగిలి ఉండాలి కదా!

ఉనద్కత్ లాంటివాడి తెలివి ఎక్కడుందంటే, కుడిచేతి బ్యాటర్‌కి ఓవర్ ద వికెట్ నుంచి బంతిని అడ్డంగా బయటికి పంపుతూ, నాలుగైదు ఓవర్లు అదే పని చేసి, బ్యాటర్ వదిలేయడం అలవాటు చేసుకున్నాక ఒక్కటి లోపలికి తెస్తాడు. ప్యాడ్‌కి తగులుతుంది. వేసిన 25 బంతులూ ఆ ఒక్కదాని కోసమే. 130 స్పీడు దీనికి చాలు.

#12 నైట్‌వాచ్‌మన్

> 130 స్పీడు దీనికి చాలు.

రంజీకి చాలు. నేను అంటున్నదీ అదే కదా! వినయ్ కుమార్‌ని గుర్తు చేసుకోండి. రంజీలో 442 వికెట్లు, పేసర్లలో అందరికన్నా ఎక్కువ. 2012 జనవరిలో పెర్త్‌లో ఒకే ఒక్క టెస్టు. 13 ఓవర్లు, 73 పరుగులు, 1 వికెట్. వార్నర్ 180 కొట్టాడు. దావణగెరె ఎక్స్‌ప్రెస్ అని మనం ముద్దుగా పిలుచుకున్నాం. పెర్త్‌లో అది ప్యాసింజర్ అయింది. కఠినంగా అంటున్నానని తెలుసు. కానీ ఆ గ్రౌండ్‌లో వేరే కొలత వాడలేరు.

#13 కొత్తబంతి

ఒక్క టెస్టుతో తేల్చేస్తారా? నమూనా సరిపోదు గురూ. అదే వినయ్ కెప్టెన్సీలో కర్ణాటక 2013-14, 2014-15 వరుసగా రంజీ గెలిచింది. రెండోసారి తమిళనాడుతో ఫైనల్లో 34 పరుగులిచ్చి 5 వికెట్లు తీసి, తర్వాత బ్యాటింగ్‌కి వచ్చి సెంచరీ కొట్టాడు. కరుణ్ నాయర్ 328 కొట్టిన మ్యాచ్ కాబట్టి ఇది ఎవరికీ గుర్తులేదు.

కర్ణాటక కుర్రాళ్లు వరుసగా ఇండియాకి వెళ్లిన ఏళ్లవి. జట్టుకి ఆ పునాది వేసింది ఎవరు? పెర్త్‌లో ప్యాసింజర్ అన్నారే, ఆయనే.

#14 స్కోర్‌బుక్

పంకజ్ సింగ్ పేరు రాకుండా ఈ చర్చ పూర్తికాదు. రాజస్థాన్ 2010-11, 2011-12 టైటిళ్లు గెలిచినప్పుడు పేస్ భారం మోసినవాడు. కెరీర్ మొత్తంలో 472 ఫస్ట్ క్లాస్ వికెట్లు. 2014లో సౌతాంప్టన్‌లో టెస్టు అరంగేట్రం. కుక్ 15 దగ్గర ఉన్నప్పుడు అతని బౌలింగ్‌లో స్లిప్‌లో క్యాచ్ ఇచ్చాడు. జడేజా వదిలేశాడు. కుక్ 95 దాకా వెళ్లాడు. పంకజ్ మ్యాచ్ మొత్తంలో 179 పరుగులిచ్చాడు, వికెట్ సున్నా. అరంగేట్రంలో వికెట్ లేకుండా అన్ని పరుగులిచ్చినవాడు అప్పటికి ఎవరూ లేరు.

ఆ మ్యాచ్ నేను బాల్ టు బాల్ చూశాను. బ్యాట్ అంచుల పక్కనుంచి ఎన్ని బంతులు వెళ్లాయో! స్కోర్ బుక్‌లో వాటికి గడి లేదు. చుక్క పెడతాం, అంతే. తర్వాతి టెస్టులో రూట్ వికెట్ దొరికింది, బట్లర్‌ది కూడా. అదే ఆఖరి టెస్టు.

నా అభిప్రాయం అడిగితే, ఆ క్యాచ్ పట్టి ఉంటే పంకజ్ ఇంకో నాలుగు టెస్టులు ఆడేవాడు. అంతకన్నా ఎక్కువేమీ కాదు. అంటే నైట్‌వాచ్‌మన్ గారితో సగం ఏకీభవిస్తున్నానన్నమాట. సగమే.

#15 తొలిపరుగు

డబ్బుల సంగతేంటి? ఇంత కష్టపడితే రంజీలో ఏమైనా మిగులుతుందా?

#16 కొత్తబంతి

2021-22 నుంచి పెంచిన లెక్క ప్రకారం 40కి పైగా మ్యాచ్‌లు ఆడినవాడు తుది జట్టులో ఉంటే రోజుకి 60 వేలు. 21 నుంచి 40 ఆడినవాడికి 50 వేలు, 20 లోపు అయితే 40 వేలు. సీనియర్‌కి నాలుగు రోజుల మ్యాచ్‌కి 2 లక్షల 40 వేలు. లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లు ఆడితే 16 లక్షల 80 వేలు. తక్కువేం కాదు. గాయమై బయట కూర్చుంటే మాత్రం ఆ లెక్క మారిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2018 ఐపీఎల్ వేలంలో ఉనద్కత్‌కి రాజస్థాన్ రాయల్స్ పెట్టింది 11 కోట్ల 50 లక్షలు. ఇప్పటి రంజీ రేటుతో అంత సంపాదించాలంటే దాదాపు 479 మ్యాచ్‌లు ఆడాలి. అంత రేటు పలికాక కూడా రెండేళ్లకి రంజీలో 67 వికెట్లు తీశాడంటే, డబ్బు కోసం పరిగెత్తిన పరుగు కాదది. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే.

#17 లెగ్‌కట్టర్

అందరికీ థాంక్స్. పొద్దున్నే తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. 479 దగ్గర ఫోన్ పక్కన పెట్టాడు. మిగతాది యూట్యూబ్‌లో చూపించాను.

2020 మార్చి 13, రంజీ ఫైనల్ ఆఖరి రోజు, రాజ్‌కోట్. కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేరు. సౌరాష్ట్ర 425. బెంగాల్ 6 వికెట్లకు 354 దగ్గర మొదలెట్టింది. ఫైనల్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్నవాళ్లదే కప్పు. ఆ ఆధిక్యానికి ఇంకా 72 కావాలి. అనుస్తుప్ మజుందార్ కదలడం లేదు. అతను నిలబడితే కప్పు బెంగాల్‌దే. ఉనద్కత్ బంతి లోపలికి తెచ్చి ఎల్బీ చేశాడు. కొత్తబంతి గారు చెప్పిన ఆ ఒక్క బంతి. రెండు బంతులకే కొత్త బ్యాటర్ క్రీజు బయట ఏమరుపాటుగా ఉండగా రనౌట్. అది కూడా ఉనద్కతే! 381కి బెంగాల్ ఆలౌట్, సౌరాష్ట్రకి మొదటి రంజీ.

ఆ రనౌటైన కుర్రాడి పేరు ఆకాశ్ దీప్. అదే అతని మొదటి రంజీ సీజన్. 2025లో ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్ మీద 10 వికెట్లు తీసింది అతనే. మా తమ్ముడు అప్పుడు లేచి కూర్చున్నాడు. "వీడా!" అని వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. అతనూ ఆ ఖాళీ గ్రౌండ్లలోంచే వచ్చాడు మరి.

#18 స్కోర్‌బుక్

ఉనద్కత్ 2023 జనవరిలో ఢిల్లీ మీద మ్యాచ్ మొదటి ఓవర్లోనే హ్యాట్రిక్ తీశాడు. రంజీలో ఇంకెవరూ చేయని పని. ఆ ఇన్నింగ్స్‌లో 39 పరుగులకి 8 వికెట్లు, అతని కెరీర్‌లోనే అత్యుత్తమం. తర్వాతి నెల ఆస్ట్రేలియా టెస్టుల జట్టు నుంచి విడుదల చేయించుకుని వెళ్లి, ఈడెన్‌లో బెంగాల్ మీదే ఫైనల్లో 9 వికెట్లు తీసి రెండో కప్పు తెచ్చాడు. టెస్టు జట్టు డ్రెస్సింగ్ రూమ్ వదిలి రంజీ ఫైనల్‌కి వెళ్లాడు. తమ్ముడికి ఇది కూడా చెప్పండి.

#19 నైట్‌వాచ్‌మన్

నేను మారలేదు. ఆ 118 టెస్టుల్లో అతన్ని ఆడించకపోవడం అన్యాయం కాదనే ఇప్పటికీ అంటాను. అయితే ఒకటి ఒప్పుకుంటా. మీర్పూర్‌లో మొదటి వికెట్ పడ్డప్పుడు, జాకిర్ హసన్‌ది, ఆ ముఖం చూసి నేను కూడా లేచి నిలబడ్డాను. ఆ మ్యాచ్‌కి కుల్దీప్‌ని తీసేసి అతన్ని పెట్టారని పొద్దున్నుంచీ తిడుతూ కూర్చున్నవాడిని నేనే. ముందు టెస్టులో కుల్దీప్ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ మరి.

సిరాజ్‌ని కూడా రంజీ బాటలోనే లెక్కేయండి. 2016-17లో హైదరాబాద్‌కి 41 వికెట్లు తీయబట్టే కదా ఐపీఎల్ వాళ్ల కంట్లో పడ్డాడు. 2025 ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకు పైగా వేశాడు. ఓవల్‌లో 6 పరుగులతో గెలిచిన పొద్దున కూడా అతనిలో ఇంకా దమ్ముంది.

#20 తొలిపరుగు

పదకొండోనంబర్ గారూ, మీరు చెప్పిన ఆ బూటు కన్నం నా మనసులోంచి పోవడం లేదు. అది ఏ కాలి బూటుకి కోసుకుంటారు? మా అబ్బాయి ఫాస్ట్ బౌలింగ్ మొదలెట్టాడు, వాడి బొటనవేలు కూడా కమిలింది.

#21 పదకొండోనంబర్

ముందు బాబుని వెన్నుపూస మేడమ్ లాంటివాళ్లకి చూపించండి, కత్తెర తర్వాత. కన్నం ముందుకాలి బూటుకి, అంటే బంతి వదిలేటప్పుడు ముందు దిగే కాలికి. కుడిచేతి బౌలర్ అయితే ఎడమ బూటు. ఉనద్కత్ లాంటి లెఫ్టార్మర్ అయితే కుడిది. నేను మొదటిసారి తొందరలో కుడి బూటు కోసేశాను. కొత్త జత. మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు.